పటాల్లో నా ఒళ్ళు

మా స్టూడియోలో పటం కట్టించిన మగవాళ్ళందరికీ నా ఒళ్ళే ఉండేది. ఎకసెక్కానికి అనడం లేదు. చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో, అటు మార్టూరు దాకా, గోడలకి వేలాడుతున్న పాత పటాలు చూడండి. తెల్లచొక్కా, మెడలో గొలుసు, ఎడంచేతికి వాచీ, కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి. తలకాయ ఆ ఇంటాయనది. మెడ కింద నుంచి నేను.

తొంభైల చివర్లో ఆ స్టూడియోలో చేరాను. డిగ్రీ తప్పి, జిన్నింగు మిల్లులో బేళ్ళ మీద నంబర్లు వేసే పని కొన్నాళ్ళు చేసి, దూది దుమ్ముకి దగ్గు పట్టుకుంటే అది మానేసి ఇందులో పడ్డాను. మా ఓనరు నోటిదురుసు మనిషి, కానీ పని దగ్గర ఆయనకి ఆయనే సాటి. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు సైజులూ పేరుకే. మాకు తిండి పెట్టింది చావులు. మా వైపు మనిషి పోతే పెద్దదినం నాటికి పటం ఉండి తీరాలి. పటం లేకపోతే దండ ఎక్కడ వేస్తారు, వచ్చిన చుట్టాలు దేనికి దండం పెడతారు? తీరా చూస్తే చాలామంది రైతులకి బతికుండగా తీయించుకున్న ఫోటో అంటూ ఉండేది కాదు. ఎవరి పెళ్ళిలోనో గుంపులో నిలబడ్డ ఫోటో పట్టుకొచ్చేవాళ్ళు. అందులో ఆ మనిషి ముఖం శనగగింజంత ఉండేది.

ఆ ముఖాన్ని పెద్దది చేసి, బ్లేడుతో కోసి, ముందే తీసిపెట్టుకున్న ఒక ఒంటి మీద అతికించి, అంచుల్ని సన్న బ్రష్షుతో దిద్ది, మళ్ళీ దాన్ని ఫోటో తీసేవాళ్ళం. ఆ దిద్దే పనిని టచింగ్ అంటారు. కంప్యూటర్లు ఇంకా మా వీధికి రాలేదు. నేను చేరేనాటికి స్టూడియోలో ఉన్న ఒళ్ళు పాతబడి మూలలు చిరిగింది. "ఒరేయ్, నీ భుజాలు బాగున్నాయి, కూర్చో," అని మా ఓనరు తన తెల్లచొక్కా నాకు తొడిగి, తన మెడలో గొలుసు తీసి నాకు వేసి, తన వాచీ నా చేతికి పెట్టి ఫోటో తీశాడు. ప్రింటు వేశాక నా తలకాయ కోసి చెత్తబుట్టలో పడేశాడు. అప్పుడిద్దరం నవ్వుకున్నాం.

గొలుసు ఎందుకని ఎవరూ అడగలేదు. ఉన్నవాడికీ లేనివాడికీ పటంలో గొలుసు ఉండేది. బతికినన్నాళ్ళూ లేనిది పోయాకైనా ఉండనీ అనుకునేవాళ్ళు. పెళ్ళిచూపుల ఫోటోకి పక్కింటి నగలు అడిగి పెట్టుకునే ఊళ్ళు మావి. ఇందులో తప్పేముందని నేనూ అనుకున్నాను. పైగా పని నాకు బాగా పట్టుబడింది. "నీ చెయ్యి పడితే అతుకు ఎక్కడుందో నాకే దొరకదురా," అనేవాడు ఓనరు. ఆ మాటకి నేను పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంకోపక్క నాకు వేరే పిచ్చి పట్టుకుంది. ఓనరు మూల పడేసిన పాత కెమెరా అడిగి తీసుకుని, పెళ్ళిళ్ళలో మిగిలిన రీలు ముక్కలు వేసుకుని, ఆదివారాలు సైకిలు మీద పొలాలమ్మట పడేవాణ్ణి. మిరపకాయలు ఆరబోసిన కళ్ళాలూ, మూతికి గుడ్డ కూడా లేకుండా పత్తికి మందు కొట్టేవాళ్ళూ, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకి ఆకు కట్టే ఆడవాళ్ళూ. ఎవరినీ ఇటు చూడమనేవాణ్ణి కాదు, సరిగ్గా నిలబడమనేవాణ్ణి కాదు. వారమంతా మనుషుల్ని దిద్దీ దిద్దీ నాకు విసుగెత్తినట్టుంది. "ఎవడు కొంటాడ్రా వీటిని? మిరపకాయకి పటం కడతారా?" అనేవాడు మా ఓనరు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వాటినెవరూ కొనలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన మా స్టూడియోకి వచ్చాడు. పత్రికలకి ఫోటోలు తీసి దేశమంతా తిరిగిన మనిషి. పత్తి ఊళ్ళు తీద్దామని మా వైపు వచ్చి, రీళ్ళు అయిపోతే కొనడానికి ఆగాడు. తీగ మీద ఆరేసిన నా ఫోటోలు ఆయన కంట పడ్డాయి. ఒక్కోదాని ముందూ నిలబడి చూశాడు. ఎవరు తీశారన్నాడు. నేనేనండీ అన్నాను.

"స్టూడియోవాళ్ళంటే నాకు నమ్మకం లేదు," అన్నాడాయన. "ఉన్నదాన్ని మార్చడం మీకు చేతులకి అలవాటైపోతుంది. నువ్వు టచింగ్ చేస్తావా?"

"చెయ్యనండీ. అది మా ఓనరు చూసుకుంటారు. నేను కెమెరా పడతానంతే."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆ నిమిషంలో నా గోళ్ళ సందుల్లో రంగు కూడా ఉంది. ఆయన చూడలేదు. "మంచిది," అన్నాడు. "ఫోటోలోకి ఒకటి తెచ్చి పెట్టినా, ఉన్నదొకటి తీసేసినా, వాడితో నాకు పని లేదు. అది గుర్తుపెట్టుకో." ఆ రోజు నుంచి నాకు రీళ్ళు పంపేవాడు. నేను తీసి పంపేవాణ్ణి. బాగాలేనివాటికి వెనక పెన్సిలుతో తిట్లు రాసి తిప్పి పంపేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. మా ఓనరు దగ్గర అతకడం నేర్చుకున్నాను, ఆయన దగ్గర చూడడం నేర్చుకున్నాను, టచింగ్ సంగతి పెద్దాయనకి తెలియకుండా రెండూ చేస్తూ వచ్చాను.

ఆ తర్వాత ఒక ఏడు పత్తి నిలువునా పోయింది. విత్తనం కల్తీదన్నారు, మందు కల్తీదన్నారు. పురుగు చావలేదు. ఆ మందే తాగిన మనుషులు మాత్రం చచ్చారు. మా స్టూడియోకి తీరికలేని పని. ఆ ఏడు నేను అతికించిన తలకాయలన్నీ నడివయసువి, వాటిలో నెరిసిన జుట్టే లేదు.

అప్పుడొచ్చింది ఆమె. ముప్ఫై ఏళ్ళుంటాయి. మార్టూరు అవతల పల్లె. భర్త కౌలుకి పత్తి వేసి, పంట పోయి, చేలోనే మందు తాగాడు. ఒక పెళ్ళి గుంపు ఫోటో తెచ్చింది. అందులో అతను వెనక వరసలో ఉన్నాడు. ముందు నిలబడ్డవాడి భుజం అడ్డమై మెడ కూడా కనపడదు.

"మంచి చొక్కా పెట్టు తమ్ముడూ," అంది. "ఉన్నన్నాళ్ళూ ఒక్క మంచి చొక్కా తొడుక్కోలేదు."

"పెడతానక్కా," అన్నాను.

చొక్కాతో పాటు గొలుసూ వాచీ వాటంతటవే వస్తాయి కదా. పెద్దదినానికి ముందురోజు పటం తీసుకోవడానికి వచ్చి, అద్దం మీద ఆ గొలుసున్న చోట వేలు పెట్టి, "ఇది తీయడానికి ఉంటదా? మాకెక్కడిది ఇది?" అని అడిగింది. తీయాలంటే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, ఒక పూట పని. మా ఓనరు అందుకున్నాడు. "ఉండనీమ్మా, నిండుగా ఉంది. ఎవరడుగుతారు?" ఆమె నా వైపు చూసింది. నేను కూడా, "బాగుందక్కా, ఉండనీ," అన్నాను. చీర చెంగు కప్పి పటం తీసుకెళ్ళింది.

కొన్ని వారాలకి సైకిలు మీద అటు పోతుంటే ఆ చేలో ఆమె కనపడింది. కాయలేని పత్తి మొక్కల్ని పీకి మోపు కడుతోంది. కౌలు గడువు అయిపోయిందట, చేను ఖాళీ చేసి ఇమ్మన్నారట. కెమెరా ఎత్తి, తీయనా అన్నట్టు చూశాను. ఆమె తల ఊపి తన పని తాను చేసుకుంది. రెండు చేతులతో మొక్క మొదలు పట్టుకుని వెనక్కి ఒరిగి లాగుతున్నప్పుడు తీశాను. ఒక్కటే తీశాను. అంత బాగా అంతకుముందు తీయలేదు, నిజం చెప్పాలంటే ఆ తర్వాతా తీయలేదు. పెద్దాయన ఆ ఫోటో చూసి మొదటిసారి వెనక తిట్లు రాయలేదు. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెడుతున్నాననీ, నీ ఫోటోలకి ఒక గోడ మొత్తం ఇస్తాననీ, ఇది గుమ్మంలోకి రాగానే కనపడేచోట పెడతాననీ ఉత్తరం రాశాడు. నేను ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ఇక జీవితంలో తలకాయలు కోసే పని లేదనుకున్నాను.

ఈలోగా ఆ చావుల మీద ప్రభుత్వం విచారణ వేసింది. పంట పోయి చచ్చాడని రాస్తే ఇంటికి సాయం వస్తుంది. కుటుంబ కారణాలని రాస్తే ఏమీ రాదు. ఆమెకి సాయం కంటే ఆ రెండో మాటే ఎక్కువ భయం. కుటుంబ కారణాలంటే ఊళ్ళో అర్థం ఒక్కటే, పెళ్ళాం పోరు పడలేక తాగాడని. అత్తగారు అప్పటికే నలుగురిలో ఆ మాట అనేసింది. ఇద్దరు ఆడపిల్లలు ఆమెకి. వాళ్ళు రేపు ఎవరింటికి వెళ్ళినా, వీళ్ళమ్మే మొగుణ్ణి చంపుకుందనే మాట వెంట వస్తుంది.

విచారణకొచ్చిన అధికారులు ఇంట్లో కూర్చుని రాసుకుంటూ గోడ మీది పటం చూశారు. "మీ ఆయన మెడలో గొలుసుంది, చేతికి వాచీ ఉంది. ఈయన పంట పోయి చచ్చాడా?" అన్నారట. అది మాది కాదండీ, ఫోటోవాళ్ళు పెట్టారంది ఆమె. ఫోటోవాళ్ళు గొలుసు ఎట్లా పెడతారమ్మా అన్నారు. ఒంగోల్లో ఆఫీసులో ఇంకోసారి పిలుస్తాం, సాక్ష్యం ఏదైనా ఉంటే తెచ్చుకోమని వెళ్ళిపోయారు. కౌలు కాగితం లేదు, నోటిమాట కౌలు. పెళ్ళి ఫోటోలో మెడే లేదు.

అప్పుడు మళ్ళీ స్టూడియోకి వచ్చింది. బల్ల చివర కూర్చుని ఇదంతా చెప్పి, "ఎల్లుండి పదకొండింటికి రమ్మన్నారు తమ్ముడూ. నువ్వొచ్చి ఆ గొలుసు నువ్వు పెట్టిందేనని ఒక్క మాట చెప్తే చాలు. అతికించిన ఒళ్ళు కూడా తెచ్చి చూపిస్తే నమ్ముతారు," అంది.

"వస్తానక్కా," అన్నాను. ఆ క్షణంలో వెళ్ళాలనే అనుకున్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఆమె వెళ్ళాక మా ఓనరు నా మీద విరుచుకుపడ్డాడు. "మతిపోయిందేంట్రా నీకు? ఇట్లా అతికిస్తామని గవర్నమెంటోళ్ళ ముందు రాసిస్తే, రేపు ఊరూరా ఒకడొచ్చి మా పటం దొంగ పటమంటాడు." ఆయన భయం ఆయనది. దాన్ని నేను తోసిపారేయగలను. కానీ ఆ సాయంత్రమే హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. పెద్దాయన గొంతు. ఎల్లుండి విచారణ చూడడానికి తనూ ఒంగోలు వస్తున్నాననీ, అటు నుంచి అటే నన్ను కలిసి ఎగ్జిబిషన్‌కి ప్రింట్లు తీసుకెళ్తాననీ చెప్పాడు.

రాత్రంతా నిద్ర లేదని రాస్తే బాగుంటుంది. కానీ నేను నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి నిర్ణయం అయిపోయి ఉంది, నాకే తెలియకుండా. ఆ ఒంటి ఫోటో పట్టుకుని పెద్దాయన ముందు నిలబడి, ఇది నా ఒళ్ళండీ, ఈ తలకాయ నేనే కోశానండీ, ఈ గొలుసు నేనే ఉండనిచ్చానండీ అని చెప్పాలి. చెప్తే నా గోడ పోతుంది. పత్తి మొక్క పీకుతున్న ఆమె ఫోటోని కూడా అనుమానంగా చూస్తారు. వీడు ఆ మొక్కని కూడా తెచ్చి పెట్టాడేమో అంటారు. నాకు దాని మీద ఎంత ప్రేమంటే, ఆమె కంటే ఆమె ఫోటోని కాపాడుకోవాలనిపించింది. సిగ్గులేని మాట. కానీ జరిగింది అదే.

విచారణ రోజు ఆమె ఏడున్నరకే వచ్చింది. రోడ్డు అవతల ఆమెని చూడగానే నేను డార్క్‌రూమ్‌లోకి దూరి తలుపేసుకున్నాను. పాతికేళ్ళు దాటిన మనిషిని. తలుపు పలచటి చెక్క. ప్రతి మాటా వినపడుతోంది.

"తమ్ముడేడీ? ఒంగోలు పోవాలి."

"లేడమ్మా. హైదరాబాద్ పోయాడు," అన్నాడు మా ఓనరు.

"పోనీ మీరొస్తారా?" అంది.

"షాపు వదిలి ఎట్లా వస్తానమ్మా."

"ఆ ఒంటి బొమ్మన్నా ఇవ్వండి, నేనే చూపించుకుంటా."

"అదెక్కడుందో నాకు తెలీదు. వాడికే తెలుసు."

ఆ బొమ్మ నా పక్కనే, ట్రేల కింద ఒక కవర్లో ఉంది. తలుపు కింద సందులోంచి దాన్ని తోసినా సరిపోయేది. ఆమె బల్ల మీద కూర్చున్న చప్పుడు వినపడింది. కిర్రుమని ఒకసారి, ఇంకోసారి. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. మా ఓనరు ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీశాడు. గడ్డం పైకెత్తు అంటున్నాడు. ఎర్రలైటు కింద నిలబడి నేను చేతులు ముడుచుకుని వింటున్నాను. ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు, ఆ గదిలో గడియారం పెట్టకూడదని మా ఓనరు నియమం. చివరికి ఆయనే తలుపు తట్టి, "పోయిందిరా, రా," అన్నాడు. ఆయన నా ముఖం వంక చూడలేదు.

మధ్యాహ్నం దాటాక పెద్దాయన ఒంగోలు నుంచి వచ్చి ప్రింట్లు తీసుకున్నాడు. అక్కడ ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు. ఆయనే, "అంతా తూతూమంత్రం. సగం కేసులు కుటుంబ కారణాలని కొట్టేశారు," అన్నాడు. ఆమెది కూడా అందులో ఉందని తర్వాత వారంలో తెలిసింది. వాళ్ళు ఆమె మాట వినలేదు, గొలుసు లేకపోయినా వినేవాళ్ళు కాదు, నేను వెళ్ళినా ఒరిగేదేమీ లేదు. అలా అనుకున్నాను. తర్వాత అన్నేళ్ళూ ఆ మాటనే పట్టుకుని బతికాను.

ఎగ్జిబిషన్ బాగా జరిగింది. గుమ్మంలోకి రాగానే ఆమె. జనం ఆగి చూశారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇందులో ఒక్క అబద్ధం లేదు," అని అందరికీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అక్కణ్ణుంచి నా దారి తెరుచుకుంది. స్టూడియో మానేశాను. పత్రికలు పని ఇచ్చాయి. ఢిల్లీ నుంచి కూడా పిలుపులొచ్చాయి. కరువుల్లో తిప్పారు, వరదల్లో తిప్పారు. కాలేజీల్లో పిల్లలకి నిజాయితీ గురించి చెప్పమని మైకు ఇచ్చారు. చెప్పాను కూడా. ఏం చెయ్యను, అప్పటికి అదే నా బతుకుదెరువు.

కొన్నేళ్ళ తర్వాత మిర్చి మీద ఫోటోల కోసం గుంటూరు పంపారు. యార్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఆడవాళ్ళు గుట్టల ముందు కూర్చుని కాయలకి తొడిమలు తీస్తున్నారు. గాలిలో ఘాటు, అందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. నేను దగ్గుకుంటూ వంగి తీస్తుంటే, కళ్ళు మాత్రమే కనపడుతున్న ఒకావిడ, "బాగున్నావా తమ్ముడూ," అంది.

గొంతు పట్టి గుర్తుపట్టాను. కెమెరా దించి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాను. ఇల్లు పోయిందట. అత్తగారు ఉండనివ్వలేదట. పెద్దపిల్లకి రెండు సంబంధాలు మొగుణ్ణి చంపుకుందన్న ఆ మాట మీదే తప్పిపోయాయి, చివరికి దూరాన ఎవరికీ తెలియని ఊళ్ళో ఇచ్చిందట. అన్నీ మామూలుగా చెప్పింది, చేతులు ఆపకుండా. తిట్టి ఉంటే బాగుండును.

"అక్కా, ఆ రోజు నేను లోపలే ఉన్నాను," అన్నాను.

"తెలుసులే. నీ చెప్పులు ఆ గది ముందే ఉన్నాయిగా."

దుమ్ము లోపలికి రాకుండా డార్క్‌రూమ్ బయటే చెప్పులు విడిచేవాళ్ళం. దాక్కోవడానికి పరిగెత్తినవాణ్ణి, అలవాటు కొద్దీ చెప్పులు విడిచి మరీ దాక్కున్నాను.

"తెలిసీ ఎందుకు కూర్చున్నావక్కా? తలుపు కొట్టొచ్చుగా."

"కొడితే ఏం బాగుంటది, నీకు నువ్వుగా రావాలి గాని." గుట్టలోంచి ఇంకో దోసెడు కాయలు ముందుకి లాక్కుంది. "సిగ్గుపడుతున్నాడు, కాసేపటికి వస్తాడులే అనుకున్నా. ఒక బస్సు పోయింది. ఇంకోటి వదిలేశా. ఆఖరికి మీ ఓనరే పొమ్మన్నాడు. నేను ఒంగోల్లో దిగేసరికి వాళ్ళు సంతకాలు పెట్టి లేచిపోయారు. పిలిస్తే రాలేదని రాసుకున్నారంట."

వాళ్ళు ఆమె మాట వినలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. వాళ్ళు పేరు పెట్టి పిలిచినప్పుడు ఆమె అక్కడ లేనే లేదు. మా స్టూడియో బల్ల మీద నా కోసం కూర్చుని ఉంది.